మూలం లేదని రాశాను

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున భివండీలో మా దుకాణం షట్టర్ ఎత్తి యంత్రాలు ఆన్ చేస్తుంటే, ఒక పెద్దావిడ వచ్చి బల్ల మీద పాస్‌పోర్ట్ సైజు ఫోటో పెట్టింది.

“ఆదివారం ఆదరణ కూడిక పెడ్తున్నం బిడ్డా. చిన్న కార్డులు గావాలె. తెలుగుల కొట్టేది ఈడ నువ్వొక్కదానివే అన్నరు.”

ఫోటో తీసి చూశాను. అందులో ఉన్నది కాక, నేను బాబాయి వరసతో పిలిచే మనిషి. ఫోటోలో కూడా ఆయన చూపు కెమెరా మీద లేదు, దానికి కొంచెం కింద ఉంది. ఫోటో తీసేవాడి నోటి వైపు చూస్తున్నాడు.

ఆయన పోయాడని నాకు అలా తెలిసింది. పోయి అప్పటికే మూడు వారాలైందట. నిద్రలోనే పోయాడట.

ఆమెను అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఆయన్ని కాక అని పిలిచేదాన్ని కనుక ఈమె నాకు చిన్నమ్మ అవుతుంది. అలాగే పిలిచాను. కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు. నిలబడే పేరు చెప్పింది, ఊరు చెప్పింది, టేంఘర్‌లో ఆ ప్రార్థన కూడిక జరిగే గది గుర్తులు చెప్పింది. నాకు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్న పని ఈ టైపు. అయినా ఆయన పేరు కొడుతుంటే మూడుసార్లు తప్పు పడింది.

కాక సాంచెల మేస్త్రీ. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. కార్ఖానాలో సాంచె ఆగిపోతే దాని కింద దూరి బాగుచేసేవాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో ఉండి చెవులు దాదాపు పోయాయి. కానీ ఆ సంగతి కొత్తవాళ్లకు తెలిసేది కాదు. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ అలాగే పట్టుకునేవాడు. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ కంప్యూటర్ వైపు తిరిగితే, “ఇటు జూడు బిడ్డా, మాట కిందపడ్డది” అనేవాడు. అందుకని ఆయనతో మాట్లాడేటప్పుడు ఎంత చిన్న మాటైనా మొహం ఎదురుగా పెట్టి చెప్పాల్సిందే.

చెవులకు బదులు ఆయనకు అరచేతులుండేవి. ఒకసారి మా ప్రింటర్ కాగితాలు నమిలేస్తోంది. కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చి చూసి, కొత్తది కొనమని చెప్పి వెళ్లాడు. కాక తువ్వాలుతో చేయి తుడుచుకుని, నడుస్తున్న ప్రింటర్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎవరికో జ్వరం చూస్తున్నట్టుంది. “ఎడమ దిక్కు రోలర్ అరిగింది. కుడి దిక్కు మంచిగనే ఉన్నది” అన్నాడు. విప్పి చూస్తే అదే నిజం. ఆ ఒక్క రోలర్ మార్పించాను. ఆ ప్రింటర్ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఏ కాగితం చేతికిచ్చినా ముందు చదివేవాడు కాదు. బొటనవేలు అంచు వెంట నడిపించేవాడు, బట్ట అంచు సరిగా నేసిందా లేదా అని చూసినట్టు. ఆ తర్వాతే చదివేవాడు. పెదాలు కదుపుతూ, వేలు కింద పెట్టుకుంటూ నెమ్మదిగా చదివేవాడు. చదువు ఆయనకు పెళ్లయ్యాక వచ్చింది, చర్చిలో పెద్దలు నేర్పితే. అందుకని మాట్లాడితే అచ్చం కరీంనగర్ పల్లె, రాస్తే మాత్రం పాతకాలపు పుస్తకం. “నేను రేపు వచ్చెదను” అని చీటీ రాసి షట్టర్‌లో దోపి పోయేవాడు. దాన్ని చూసి నవ్వుకునేదాన్ని.

మా దుకాణం ధామన్‌కర్ నాకా కూడలి వెనక సందులో ఉంటుంది. జిరాక్స్, ఫారాలు నింపడం, పెళ్లికార్డులు, మూడు భాషల టైపు. ఖాళీ దొరికితే నాకొక వ్యసనం ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాస్తాను. ఏదో ఫారం నింపించుకోవడానికి మొదటిసారి వచ్చినరోజు, కాక నా తెర మీద తెలుగు అక్షరాలు చూసి ఆగిపోయాడు.

“గిదేంది బిడ్డా?”

“దునియాల ఉన్నయన్నీ రాసిపెట్టే పుస్తకం కాక. ఫోన్ల గూడ చదువొచ్చు.”

“ఎవలు రాస్తరు?”

“ఎవలన్న రాయొచ్చు. నేను రాస్తున్న. నువ్వు గూడ రాయొచ్చు.”

నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు నా పెదాల వైపే కాసేపు చూశాడు. “సాంచె గురించి ఉన్నదా?” అని అడిగాడు. ఉంది, నాలుగు ముక్కలు. ఆయన వైపు మొహం పెట్టి చదివాను. “పోగును మోసే నాడె ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఎగురుతుంది” అన్న చోట చెయ్యి ఎత్తి ఆపాడు.

“ఎగురుడు కాదు. నాడెను కొడ్తరు, అది ఉరుకుతది. ఎగిరిందంటే ఎవలికో తాకినట్టే.” కనుబొమ్మ మీది మచ్చ చూపించాడు. “ఇగో, ఇది ఎగిరిన నాడె.”

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. శుక్రవారం కార్ఖానాలకు సెలవు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పాల ప్యాకెట్లు కడిగి కుట్టిన సంచిలో కాగితాలు పెట్టుకుని వచ్చి కూర్చునేవాడు. సాంచెలో ఒక్కో భాగం పేరు, అది చేసే పని, అది చెడితే బట్టలో ఎలాంటి తప్పు కనపడుతుందో చెప్పేవాడు. నేను రాసి చదివేదాన్ని. ఆయన నా పెదాలు చూస్తూ సరిచేసేవాడు. ఏడెనిమిది నెలల్లో ఆ వ్యాసం ఎంత బాగా తయారైందంటే, గుంటూరు వైపు నుంచి రాసే ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారు, మా అందరికీ పెద్దదిక్కు లాంటి ఆయన, నన్ను పేరుపెట్టి మెచ్చుకున్నారు. భివండీ గురించి ఇంత సాధికారంగా రాసేవారు దొరకడం మన అదృష్టం అన్నారు. నేను కృతజ్ఞతలు చెప్పాను. చెప్పింది ఎవరో చెప్పలేదు.

కాక పనిచేసే కంపెనీ గురించి కూడా వ్యాసం రాసింది నేనే. మన తెలుగువాళ్ల కంపెనీ, మా కరీంనగర్ జిల్లా నుంచి వట్టి చేతులతో వచ్చిన కుటుంబం కట్టిన కంపెనీ. వాళ్ల చొక్కా గుడ్డ ఎక్కడెక్కడికో పోతుంది. రాయడంలో నాకు నిజంగానే గర్వం ఉండింది. పాత పేపర్ల కటింగులు కంపెనీ మేనేజర్ తెచ్చి ఇచ్చాడు. ఎలా మొదలైందీ, ఎన్ని కార్ఖానాలకు పెరిగిందీ, యజమాని, అంటే సేటు, తన తల్లి పేరు మీద టేంఘర్‌లో కట్టించిన మంచినీళ్ల ట్యాంకు, బడిపిల్లలకు పంచిన యూనిఫాం గుడ్డ, అన్నీ రాశాను. ఆ కంపెనీ కేలెండర్లు, లేబుళ్లు మా దుకాణంలోనే అచ్చవుతాయని మాత్రం రాయలేదు. అలాంటి సంబంధం ఉంటే ముందే చెప్పుకోవాలని ఆ విజ్ఞాన సర్వస్వం నియమం. నాకు ఆ నియమం తెలుసు. చిన్న విషయంలే అనుకున్నాను.

ఎలక్షన్లు వచ్చాయి. సేటు ఒక పార్టీ వైపు గట్టిగా నిలబడ్డాడు. స్టేజీల మీద మాట్లాడాడు. అది ఆయన ఇష్టం. తర్వాత కార్ఖానాల గేట్ల మీద జెండాలు వచ్చాయి. ఆ తర్వాత కాగితం వచ్చింది. ‘నేనూ నా ఇంటివారూ ఫలానా గుర్తుకే ఓటు వేస్తాము’ అని అచ్చేసిన కాగితం. దాని మీద పేరు రాసి, పనివాళ్లంతా వేలిముద్ర వేయాలి. సూపర్‌వైజర్ సాంచె సాంచె దగ్గరికీ తిరిగి వేయించాడు.

కాక వేయలేదు. ఇంకో ముగ్గురు కూడా వేయలేదు. మర్నాడు నలుగురినీ రావద్దన్నారు.

ఆ శుక్రవారం వచ్చినప్పుడు కాకలో కోపం కనపడలేదు. ఏదో లెక్క తేలనివాడిలా ఉన్నాడు.

“ఓటు నేను గా పార్టీకే ఏస్తుంటినేమో బిడ్డా. ఎవలికి ఎరుక? సేటు మంచిగ జూసుకున్నడు, ఆయన చెప్తే ఏస్తుంటి. గని కాగితం ఎందుకు? ముప్పై ఏండ్లు నా చెయ్యి ఆయన సాంచెల ఉన్నది. ఇంట్ల ఉన్నోళ్ల ఓటు గూడ నేనే రాసియ్యాల్నా?”

సంచిలోంచి మరాఠీ పేపర్ కటింగ్ తీశాడు. స్థానిక పేజీలో చిన్న వార్త. ఫలానా కంపెనీలో పనివాళ్ల దగ్గర ఓటు గురించి కాగితాలు రాయించుకున్నారనీ, ఒప్పుకోని ఒక మేస్త్రీని, ముగ్గురు పనివాళ్లను తీసేశారనీ ఉంది. కంపెనీ పేరు స్పష్టంగా ఉంది.

“నువ్వే చెప్పినవ్ గదా, పేపర్ల వస్తె రాయొచ్చని. ఆ కంపెనీ పేజీల ఒక్క మాట రాయి బిడ్డా. ఒక్కటే.”

ఆయన అడిగింది ఎంత చిన్నదో ఇప్పుడు అర్థమవుతోంది. ఉద్యోగం ఇప్పించమనలేదు. కేసు పెట్టమనలేదు.

నేను నియమం చెప్పాను. ఆ పేజీ కంపెనీ గురించి, సేటు గురించి కాదన్నాను. సేటు రాజకీయం సేటు సొంత విషయం, అది కంపెనీ పేజీలో రాయకూడదన్నాను. “సేటు మీద వేరే పేజీ ఉంటే అండ్ల రాయొచ్చు కాక. ఆయన మీద పేజీ లేదు.” మొహం తిప్పకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. అది వట్టి సాకు కూడా కాదు. చాలా చోట్ల పాటించే పద్ధతే. యజమానికి నచ్చిన పార్టీ ఏదో, నచ్చని దేవుడెవరో కంపెనీ మీద రాసుకుంటూ పోతే ఆ పేజీ దేనికీ పనికిరాదు.

కాక తల ఊపాడు. తర్వాత, “ఆ పేజీ మొత్తం ఒకసారి చదువు బిడ్డా” అన్నాడు.

చదివాను. పుట్టుక, కార్ఖానాలు, గుడ్డ రకాలు. మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి రాగానే చెయ్యి ఎత్తాడు.

“గిది సేటుదా, కంపెనీదా?”

నేను ఆ వాక్యం మళ్లీ చదివాను.

“సేటు తల్లి పేరు మీద కట్టిచ్చిండు. తల్లి సేటు సొంతమే గదా?”

“అది... సమాజ సేవ కాక. కంపెనీ చేసే సేవ కింద రాస్తరు.”

“ట్యాంకు కట్టిచ్చింది కార్ఖాన బయట. కాగితం రాయించింది కార్ఖాన లోపట, సాంచె ముంగట, డ్యూటీ టైంల. మరి బయటిది కంపెనీదెట్లయింది, లోపటిది సేటు సొంతమెట్లయింది?”

వాదించే మనిషి కాదు ఆయన. నిజంగానే తెలుసుకోవడానికి అడిగాడు. ముఖం ముందుకు వంచి, నా నోటి వైపు చూస్తూ జవాబు కోసం ఎదురుచూశాడు. పైవాళ్లను అడిగి చెబుతానన్నాను. పైవాళ్లంటూ ఎవరూ ఉండరని ఆయనకు తెలియదు.

లేస్తూ అన్నాడు: “రూల్ మంచిదే బిడ్డా. నేను కాదంటలేను. గని రెండు దిక్కుల ఒక్కతీరుగ పెట్టాలె.” కటింగ్ నా చేతికిచ్చి, “నీ దగ్గర్నే ఉంచు, నా దగ్గరుంటే తడుస్తది” అన్నాడు. దాన్ని సొరుగులో పెట్టాను.

ఎవరూ నన్ను బెదిరించలేదని ఇక్కడ చెప్పుకోవాలి. మేనేజర్ ఒక్కసారి లేబుళ్ల పని మీద వచ్చినప్పుడు, “సేటు పేజీ జూసిండు మేడం, ఖుష్ అయిండు. గట్లనే ఉండనియ్యుండ్రి” అన్నాడు, చాయ్ తాగుతూ. అంతకన్న ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడం లాంటిదేమీ జరగలేదు. బాగానే నిద్రపోయాను.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పేజీలో కొత్త వాక్యం కనిపించింది. రాసినవారి పేరు లేదు. “మరియు ఈ కంపెనీ యజమానుడు తన పనివారిని వ్రేలిముద్ర వేయుడని కోరెను. వేయని నలుగురిని పనినుండి తీసివేసెను.” ఎవరు రాశారో ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది. భివండీలో ఇప్పుడు అలాంటి తెలుగు రాసే మనిషి ఒక్కడే.

నేను దాన్ని రద్దు చేశాను. రద్దు చేస్తే కారణం రాయాలి. “మూలం లేదు” అని రాశాను.

మూలం నా మోకాలికి జానెడు దూరంలో, సొరుగులో ఉంది.

రెండు రోజుల తర్వాత మళ్లీ రాశాడు. ఈసారి పేపర్ పేరు కూడా చేర్చాడు, అదీ తప్పు చోట, తప్పు స్పెల్లింగుతో. మళ్లీ తీసేశాను. మూడోసారి రాసినప్పుడు, ఎవరో అనామక వ్యక్తి పేజీని పాడుచేస్తున్నారని ఫిర్యాదు చేశాను. పేరు నమోదు చేసుకోని వాళ్లు రాయకుండా ఆ పేజీకి తాళం పడింది.

లైబ్రేరియన్ గారు మాత్రం వదల్లేదు. వ్యాసం వెనక ఉండే చర్చా పేజీలో ఓపికగా రాశారు: యజమాని ఏ పార్టీని మెచ్చుకుంటాడో కంపెనీ వ్యాసంలో అక్కర్లేదు, అది నిజమే. కానీ పనిచేసే చోట, పనివాళ్ల మీద ఆ రాజకీయాన్ని రుద్ది, ఒప్పుకోనివాళ్లను తీసేసి ఉంటే అది కంపెనీ చరిత్రే అవుతుంది. అది రాయాలా వద్దా అనేది మూలం ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. చివర నన్నే అడిగారు: “మీరు అక్కడే ఉంటారు కదమ్మా. స్థానిక పత్రికల్లో ఏమైనా వచ్చిందా?”

“నాకు తెలిసినంతలో రాలేదండీ” అని రాశాను.

చర్చ అక్కడితో ముగిసింది. నా మాట మీద నమ్మకంతో ముగిసింది.

తర్వాతి శుక్రవారం కాక వచ్చాడు. అప్పటికి కాల్హేర్‌లో ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాడు. ఖాకీ చొక్కా ఆయనకు భుజాల దగ్గర వదులుగా ఉంది. ఆ రోజు సంచి తేలేదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మామూలు కన్నా మెల్లగా అడిగాడు.

“నేను రాసింది ఎవలో చెరిపేస్తున్నరు బిడ్డా. చెరిపెటోళ్లు ఎవలో నీకు ఎరుకైతదా?”

ఆయన నా పెదాల వైపు చూస్తున్నాడు. నేను కంప్యూటర్ వైపు తిరగొచ్చు. తిరిగితే మాట కిందపడిందని అంటాడు, మళ్లీ అడుగుతాడు. అందుకని తిరగలేదు.

“ఎరుక కాదు కాక. దునియాల ఎక్కడోళ్లన్న చెరపొచ్చు” అన్నాను.

“మంచిది” అన్నాడు. చాయ్ చెబుతానంటే వద్దన్నాడు. బల్ల మీద ఎవరిదో పెళ్లికార్డు ఉంటే తీసి, బొటనవేలు అంచు వెంట నడిపించి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత దుకాణానికి రాలేదు.

రెండేళ్లలో ఒక్కసారి కనపడ్డాడు. నాకా దగ్గర కాల్హేర్ పోయే షేర్ ఆటోలో అంచున కూర్చుని ఉన్నాడు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. నన్ను చూసి చెయ్యెత్తాడు. ఎండకు అడ్డం పెట్టుకున్నాడో, నన్నే పలకరించాడో తేల్చుకునే ప్రయత్నం చేయలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు కదిపాను. ఆ పెదాల మీద మాట లేదని చదవగలిగే మనిషి ముందు ఆ పని చేశాను.

ఇదంతా ఆ రోజు టైపు చేస్తుంటే కళ్లముందు తిరిగింది. కార్డు తయారైంది. చిన్నమ్మకు నమూనా చూపించాను. చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. కానీ వెళ్లలేదు.

“చెరిపింది నువ్వేనట గదా బిడ్డా” అంది.

నమూనా కార్డు బల్ల మీద పెట్టాను.

“ఆయన కోడలు ఫోన్లనే రాసిండు. ఆ పిల్లనే జూపెట్టింది. చెరిపినోళ్ల పేరు అండ్ల ఉంటదట గదా. నీ దుకాణం పేరున్నది. ఆయన నమ్మలే. ‘పేరు ఎవలన్న పెట్టుకోవచ్చు, శుక్కురారం పోయి అడిగొస్త’ అన్నడు.”

అంటే ఆ శుక్రవారం నాటికే ఆయన మా దుకాణం పేరు చూసి ఉన్నాడు. నాకు ఒక అవకాశం ఇవ్వడానికి వచ్చాడు.

“వచ్చినంక ఏమన్నడు చిన్నమ్మా?”

“ఏమన్లే. అన్నం గూడ మంచిగనే తిన్నడు. పండుకునేటప్పుడు అన్నడు, ‘మొఖం తిప్పకుంట చెప్పింది’ అని. గంతే. మల్ల నీ ముచ్చట ఇంట్ల తియ్యలే.”

ఆమె గొంతులో నింద లేదు. తెలుగులో కార్డులు కొట్టే ఇంకో దుకాణం ఉంటే ఈ పనికి నా దగ్గరికి వచ్చేది కాదు, అంతే. రేపు సాయంత్రానికి కార్డులు నేనే ఇంటికి తెచ్చిస్తానన్నాను. సరేనని వెళ్లిపోయింది.

షట్టర్ సగం దించి సొరుగు వెతికాను. కటింగ్ ఉంది. పడేసే ధైర్యం కూడా నాకు లేకపోయింది కదా, ఉంది. స్కాన్ చేశాను. ఆ కంపెనీ చర్చా పేజీ తెరిచి రాశాను. ఈ వార్త మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. లేదని నేను చెప్పింది అబద్ధం. ఈ కంపెనీకి నేను కేలెండర్లు, లేబుళ్లు అచ్చువేస్తాను, ఆ సంగతి దాచాను. ఆ వాక్యం రాసినవారు పేజీని పాడుచేయలేదు. పాడుచేసింది నేను. ఇక ఈ పేజీని ముట్టుకోను, మీరే చూడండి.

పంపి కంప్యూటర్ ఆపేశాను. తేలికపడతానేమో అనుకున్నాను. పడలేదు.

లైబ్రేరియన్ గారు శనివారం మధ్యాహ్నం జవాబిచ్చారు. నన్ను తిట్టలేదు. “ఇది రెండేళ్ల కిందట చెప్పాల్సిందమ్మా” అని ఒక్క మాట రాశారు. కాగితాల సంగతి, పని నుంచి తీసేసిన సంగతి మూలంతో సహా వ్యాసంలో పెట్టారు. సేటు స్టేజీ మీద ఏం మాట్లాడాడో పెట్టలేదు. అది కంపెనీకి సంబంధం లేదన్నారు. మంచినీళ్ల ట్యాంకు వాక్యం దగ్గర మాత్రం, ఇది కంపెనీ కట్టించిందా, యజమాని సొంతంగా కట్టించిందా అని ప్రశ్న పెట్టి, తేలేదాకా తీసేశారు. కాక కుర్చీలో కూర్చుని అడిగిన ప్రశ్న ఆయన్ని ఎన్నడూ చూడని మనిషి అడిగాడు. నాకు ఎదురుగా కూర్చుని అడిగితే నేను పైవాళ్లను చూపించాను.

ఈమధ్య మేనేజర్ నా ఫోన్ ఎత్తడం లేదు. ఆ మాట చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. చెబితే నేనేదో వదులుకున్నట్టు వినపడుతుంది.

ఆ శనివారం సాయంత్రం కార్డుల కట్ట తీసుకుని టేంఘర్ వెళ్లాను. కిందంతా సాంచెలు నడుస్తున్న కట్టడంలో, పై అంతస్తులో ఒక ఖోలీ, ఒంటిగది ఇల్లు. గచ్చు సన్నగా అదురుతోంది. చిన్నమ్మ గిన్నెలు సర్దుతోంది. కోడలు ఒక మూల కూర్చుని రేపటి కూడికకు దుప్పట్లు మడత పెడుతోంది. నన్ను చూసి లేచి, కట్ట అందుకుని, ఒక కార్డు తీసి చదువుకుంది. కట్టను గోడ పక్కన పెట్టి, మళ్లీ దుప్పట్ల దగ్గర కూర్చుంది.

నిలబడే చెప్పాను. ఆయన రాసిన మాట ఇప్పుడు ఆ పేజీలో పెట్టారని, చెరిపింది నేనేనని అందరికీ తెలిసేలా రాశానని చెప్పాను. చిన్నమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది.

“ఆయన ఉన్నప్పుడు పెడ్తె చదువుకుంటుండె” అంది.

తర్వాత, “ఆయన పేరున్నదా అండ్ల?” అని అడిగింది.

“లేదు చిన్నమ్మా. పేపర్ల ‘ఒక మేస్త్రీ’ అని ఉన్నది, అంతే. నువ్వు సరే అంటే ఆయన గురించి నేను వేరే రాస్త. సాంచె గురించి చెప్పిందంత ఆయనే అని గూడ రాస్త. పేరు పెట్టి రాస్త.”

చిన్నమ్మ కోడలి వైపు చూసింది. కోడలు దుప్పటి మడత ఆపి, తల దించుకుంది.

“వద్దు బిడ్డా. పిల్ల ఇంక ఆ సేటు దగ్గర్నే కుట్టుడు పనికి పోతున్నది. సోమవారం గేట్ల నిలబెట్టి అడుగుతే ఏం చెప్తది? రాసేదుంటే రాసుకో. ఆయన పేరు ఒక్కటి పెట్టకు.”

సరే అన్నాను. చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను.

ఇదంతా ఇప్పుడు రాశాను కదా, వెనక్కి తిరిగి చదివితే ఇందులో కాక పేరు లేదు. సేటు పేరు లేదు, కంపెనీ పేరు లేదు, పార్టీ పేరు లేదు, నా దుకాణం పేరు కూడా లేదు. చిన్నమ్మ వద్దన్నది ఒక్క పేరు. మిగతావి ఎవరూ వద్దనలేదు. అవి నేనే వదిలేశాను.